మెట్ల వంతు

సున్నివ బకెట్ పెట్టుకుని మెట్లు కడుగుతోంది. ఆమె పిల్లాడు కింద గుమ్మం బయట, ఆ ఊళ్ళో పసివాళ్ళందరిలాగే చలిగాలిలో, పిల్లల బండిలో వెచ్చగా నిద్రపోతున్నాడు.

రెండో అంతస్తు తలుపు తెరుచుకుంది. ముసలావిడ ఓస్‌హిల్డ్ తొంగి చూసింది.

"ఈ వారం మెట్లు నా వంతు కదే అమ్మాయ్! వంతు బోర్డు నా తలుపుకే వేలాడుతోంది."

"తెలుసు. అందుకే కడుగుతున్నా."

ఓస్‌హిల్డ్ తెల్లబోయింది. ఇన్నాళ్ళూ ఈ పిల్ల తన వంతు కూడా ఎగ్గొట్టి, ఆ చాకిరీ ఆవిడ మోకాళ్ళ మీదే పడేసింది.

"పొద్దున పిల్లాణ్ణి ఆసుపత్రికి తూకానికి తీసుకెళ్ళా," అంది సున్నివ గుడ్డ పిండుతూ.

"ఎలా ఉన్నాడు?"

"వాళ్ళ బరువు చార్టులో సరిగ్గా గీత మీదే ఉన్నాడట. వయసుకు తగ్గ బరువేనట."

ఆ మాట చెబుతున్నప్పుడైనా సంతోషం కలగాలి. కలగలేదు. లోపలంతా మొద్దుబారిపోయింది.

మొదటి పిల్ల ఆ గీతకు బాగా కిందే పుట్టింది. కడుపులో ఉన్నంతకాలం తల్లి నుంచి అందిన హెరాయిన్ ఒక్కసారిగా ఆగిపోవడంతో గజగజ వణికింది. పాలు తాగలేదు, ఒళ్ళు పట్టలేదు. ఇప్పుడు వేరే తల్లి దగ్గర పెరుగుతోంది.

రెండోసారి కడుపుతో ఉన్నప్పుడు ఎవరో మున్సిపాలిటీలో పిల్లల సంరక్షణ చూసేవాళ్ళకి ఫోన్ చేశారు. మనుషులొచ్చి సున్నివను తీసుకెళ్ళి, మత్తుమందు ముట్టకుండా కాన్పయ్యేదాకా తాళం వేసిన చికిత్సాలయంలో ఉంచారు. ఆ రోజు ట్రోండ్ వీధి అవతల నిలబడి చూస్తున్నాడు. ఆమెకు సరుకు అమ్మేవాడు వాడే. "చూస్తూ నిలబడతావేంరా, ఆపరా!" అని అరిస్తే తల దించుకున్నాడు. దగ్గరికి ఉరికి వాడి మొహాన ఉమ్మింది.

మొన్న చలికాలంలో వాడు రేవు దగ్గర మరుగుదొడ్లో శవమై దొరికాడు. పాతిపెట్టడానికి ఎవరూ లేరని కబురొచ్చింది. పీడ వదిలిందనుకుని ఆమె వెళ్ళలేదు.

ఫోన్ చేసిన చేయి పడిపోవాలని మాత్రం రోజూ తిట్టుకునేది. ఎప్పుడూ తొంగి చూసేది ఓస్‌హిల్డే గనక, ఆ తిట్లన్నీ ఆవిడకే.

"మీరు ఫోన్ చెయ్యకపోతే వీడూ అక్కలాగే పుట్టేవాడు," అంది సున్నివ. "థాంక్స్ చెబుదామంటే నోరు రావడం లేదు. అందుకే ఈ మెట్లు."

ఓస్‌హిల్డ్ గడప మీదే కూలబడింది.

"నేను కాదమ్మా. నీ పొట్టా చూశాను, నీ చేతుల మీద మచ్చలూ చూశాను. మనకెందుకులే అని తలుపేసుకున్నాను. ఆ పుణ్యం నాకు అంటగట్టకు."

సున్నివ చేతిలో గుడ్డ ఆగిపోయింది.

"మరెవరు?"

"పేరు తెలీదు. ఎవరో కుర్రాడు నా ఫోన్ అడిగి, ఇదిగో ఈ గుమ్మంలోనే నిలబడి మాట్లాడాడు. ఏడ్చాడు కూడా."

"ఏమన్నాడు?"

"నువ్వెవరు, నీకెలా తెలుసని అవతలివాళ్ళు గద్దించినట్టున్నారు. 'ఆమెకు అమ్మేది నేనే. నేను మానేస్తే ఇంకోడి దగ్గర కొనుక్కుంటుంది. బిడ్డ దక్కాలంటే మీరే తీసుకుపోండి' అన్నాడు."