గీత దాటని మనిషి

గెలుపు గీత ఇంకో అడుగు దూరంలో ఉందనగా ఆ పిల్ల ఆగిపోయింది.

అప్పటిదాకా అందరికంటే ముందుంది. ఒట్టి కాళ్లతో, ఊరికి ఆటస్థలం కూడా అయిన విమానాల రన్‌వే తారు మీద గాలిలా వచ్చింది. అలాంటిది, ఎవరో పేరు పెట్టి పిలిచినట్టు ఠక్కున నిలబడిపోయింది.

వెనకున్న పసేపా దాన్ని దాటుకుని, గీత దాటేసింది.

దేశదేశాలు కలిసే పెద్ద ఆటలకి టువాలు దీవుల నుంచి నూరు మీటర్ల పరుగులో ఉన్నది ఒకటే చోటు. అది పసేపాదైంది.

"ఎందుకాగావే?" రొప్పుతూనే మీదికెళ్లింది పసేపా.

"ఆయాసమొచ్చింది."

"అబద్ధం! నీకు చెమటైనా పట్టలేదు. అసలెవరు నువ్వు?"

"వాయోలా. నియుతావో దీవి మాది."

అంటూ చెయ్యి చాపి, పసేపా చెంపకంటిన ఇసుక తుడవబోయింది. పసేపా ఆ చేతిని విసిరికొట్టింది.

ఇంతలో సైరన్ మోగింది. విమానం దిగబోతోంది. అందరూ రన్‌వే వదిలి పక్కకి పరిగెత్తారు. ఆ సందట్లో వాయోలా ఎటు పోయిందో తెలీలేదు. మర్నాటి పడవకే వెళ్లిపోయిందన్నారు.

పసేపా వాళ్ల ఫునాఫుటి ఎంత ఊరని! ఈ చివర తుమ్మితే ఆ చివర చిరంజీవ అంటారు.

"ఏమే, ముష్టి ఛాంపియన్!" చేపలమ్మే బాబాయి కేకేశాడు. "నియుతావో పిల్ల పారేస్తే ఏరుకున్నావటగా?"

"నీ నోరు పడిపోను! నా కాళ్లతో నేను పరిగెత్తాను."

"పరిగెత్తావులే. దాని వెనకాల."

జనం గొల్లుమన్నారు.

పరాయి దేశంలో, అంత పెద్ద స్టేడియంలో పసేపా తను పరిగెత్తిన పందెంలో అందరికంటే వెనక వచ్చింది. అయినా టువాలు ఆడవాళ్లెవరూ అంతకుముందు అంత వేగంగా పరిగెత్తలేదు. ఆ మాట ఊళ్లో ఎవరికీ పట్టలేదు.

"అదే వాయోలా వెళ్లుంటేనా?" అన్నారు.

ఏళ్ల తరబడి ఆ మంటతోనే పరిగెత్తింది పసేపా. వాననీళ్లు నిలిచిన రన్‌వే మీద, ఎండలో, ఎదురుగాలిలో. తన రికార్డుని తనే కొట్టింది. పందెం తుపాకీ పేలినప్పుడల్లా ముందు వాయోలా వీపే కనబడేది. ఎంత ఉరికినా అందేది కాదు.

చివరికి తొడ కండరం తెగింది. ఇక పరుగు మర్చిపొమ్మన్నాడు డాక్టరు.

నడవగలిగిన రోజునే నియుతావో పడవెక్కింది. ముఖం మీద అడగాలి. కసిదీరా తిట్టాలి.

వాయోలా ఇంటి ముందు, తెల్లటి పగడపు రాళ్లు పరిచిన సమాధి చుట్టూ ఒక ముసలమ్మ ఊడుస్తోంది.

"వాయోలా ఏది?"

ముసలమ్మ చీపురుతోనే సమాధిని చూపించింది. "జ్వరమొచ్చింది. ఆసుపత్రికి తీసుకెళ్లే పడవ వేళకి రాలేదు. నా కూతురే."

పసేపాకి కోపమే వచ్చింది.

"చచ్చి తప్పించుకుందా? ఊరంతా నన్ను ముష్టిదన్నారు! దాని జాలి నేనడిగానా? నన్ను ఓడించి పోవచ్చుగా! ఓడితే ఇంకోసారి గెలిచేదాన్ని. గెలుపే లేకుండా చేసింది!"

కాలికి దొరికిన రాయిని ఈడ్చి తన్నింది.

ముసలమ్మ వంగి ఆ రాయిని తీసి, మళ్లీ దాని చోట్లో పెట్టింది.

"అది పందెం కోసం రాలేదమ్మా. నిన్ను చూడాలని వచ్చింది. మీ ఇంటికొస్తే మీ అమ్మ గుమ్మం ఎక్కనివ్వదు. నీ పక్కన నిలబడాలంటే దానికి ఆ పందెమొక్కటే దొరికింది."

"నన్నా? నన్నెందుకు చూడాలి?"

ముసలమ్మ చీపురు కింద పెట్టింది.

"ఓడ మీద పనికెళ్లి అక్కడే పోయాడే మీ నాన్న, ఆయన మీ అమ్మని చేసుకోకముందు నాతో కాపురమున్నది ఈ ఇంట్లోనే తల్లీ, అది మీ అక్క."