ఒకే బెంచీ

“మిమ్మల్నిద్దర్నీ విడివిడిగా రమ్మన్నాం కదమ్మా!” శిక్షల మీద పరిశోధన చేస్తున్న అమ్మాయి కంగారుపడింది.

“మమ్మల్ని కలిపింది మీ కోర్టే,” అంది లారీ కింద భర్తను పోగొట్టుకున్నామె. పక్కనున్నది ఆ లారీ నడిపినవాడి తల్లి. వాయిదా వాయిదాకీ ఒకే బెంచీ మీద కూర్చుని, ఇద్దరూ అక్కాచెల్లెళ్లయిపోయారు.

“చట్టం మారితే, మీరు క్షమిస్తే చాలు, ఈమె కొడుకు జైలు నుంచి ముందే బయటికొస్తాడు. మారాలంటారా?” అమ్మాయి అడిగింది.

భర్త పోయినామెకు కోపమూ రాలేదు, జాలీ రాలేదు.

“అక్కనే అడుగు. కన్నది తను.”

తల్లి నేలచూపులు చూసింది.

“వాడొస్తే నువ్విక మా గడప తొక్కవు కదే,” అంది.

‘అదేం మాటక్కా’ అనబోయింది ఆమె. అనకుండా, అక్క చేతిలోని సంచీ తీసుకుని తన ఒళ్లో పెట్టుకుంది.