పచ్చ పట్టా

"చెప్పులు తియ్యకున్రి మేడం, కాళ్లు మండుతయ్," అన్నాడు గురులింగప్ప. జహీరాబాద్ శివారులో, రంగుల ఫ్యాక్టరీ వెనక ఉన్న ఆ పొలం అతనిదే.

ఫ్యాక్టరీ నుంచి పొలం పక్కగా పారే కాలువలోని నల్లనీళ్ల కంపుకు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకున్నాను. మనిషి, ప్రకృతి గురించి నేను చేసే నృత్యం షూటింగుకు ఈ చోటును ఎంచుకున్నది నేనే. నా కాళ్లకు మట్టి అంటకుండా కెమెరామన్ సుదర్శన్ నేల మీద పచ్చటి ప్లాస్టిక్ పట్టా పరిచాడు.

చెప్పులు విడిచి, గజ్జెలు కట్టుకుని పట్టా మీదికి వెళ్లాను. తొక్కబోయే ముందు భూమిని క్షమించమని అడగడం మా నాట్యంలో ఆచారం. వంగి పట్టాను తాకి, కళ్లకద్దుకున్నాను.

గురులింగప్ప పక్కున నవ్వాడు. "గదేంది మేడం, ప్లాస్టిక్కుకు మొక్కుతున్నరు? భూమి కింద ఉన్నది."

సిగ్గుతో పట్టా అంచు ఎత్తాను. మట్టి ఊదారంగులో, చీము పట్టిన పుండులా జిగటగా ఉంది. నా చెయ్యి దానంతటదే వెనక్కి వచ్చింది.

"ఒక్కసారి ముట్టండి, తర్వాత సబ్బుతో కడుక్కోవచ్చు. షాట్ బాగుంటుంది," అన్నాడు సుదర్శన్.

నేను అప్పటికే సబ్బు గురించే ఆలోచిస్తున్నాను. నా మీద నాకే రోత పుట్టింది.

"నావల్ల కాదు పెద్దాయనా," అన్నాను.

ఈసారి అతను నవ్వలేదు.

"ముట్టకుంటే పాయె బిడ్డా," అన్నాడు. "తొక్కకు మరి."

కూర్చుని గజ్జెలు విప్పడం మొదలుపెట్టాను.