కుడిచేత్తో ఇయ్యి

“ఎడమచేత్తో ఇస్తే తాగ. కుడిచేత్తో ఇయ్యి,” అన్నాడు దేవిదాస్, మంచం మీద నుంచి లేవకుండానే.

“గింత చేదు రసానికి గంత మర్యాదనా?” అంది భార్య పోసవ్వ. ఆకు నూరిన కల్వం పక్కకు జరిపి, కుడి మోచేతికి ఎడమచెయ్యి ఆనించి గ్లాసు అందించింది. చేతులు మారేటప్పుడు కొంత ఆయన లుంగీ మీద ఒలికింది.

“ముందు నువ్వు తాగు. ఏం కలిపినవో ఏమో!”

“నీకు విషం పెట్టేదాన్నయితే గీ వయసుదాంక ఆగుదునా?”

ఆమె సగం తాగి మొహం చిట్లించింది. మిగిలింది ఆయన తాగాడు.

పక్షవాతం వచ్చాక ఆ ఇంట్లో మాట కరువైంది. గోడవైపు తిరిగి పడుకున్న మనిషిని అన్నం పళ్లెం కూడా లేపలేకపోయింది. మనసు లేవకపోతే చెయ్యి కూడా లేవదని బాన్సువాడలో డాక్టర్ ప్రకాష్ హెచ్చరించాడు. దిగులుకు గోళీలు రాశాడు. సరస్వతి ఆకులో దిగులు తగ్గించే గుణం ఉందేమోనని పరిశోధనలు జరుగుతున్నాయనీ, గోళీలు ఆపకుండా ఆ రసం కూడా ఇచ్చి చూడమనీ దేవిదాస్‌కు చెప్పాడు.

అప్పటి నుంచి పోసవ్వ రోజూ ఇంటి వెనక కాలువ గట్టున ఆకు కోసుకొచ్చి నూరుతోంది.

పక్కింటి పల్లవి ఒకరోజు ఉండబట్టలేక అడిగేసింది.

“లేచి నువ్వే నూరుకోరాదా, కాకా?”

“నాతోని కాదు బిడ్డా. మనసే లేదు.”

“నీ ఓపికకు దండం పెట్టాలె, చిన్నమ్మా!”

“ఏం జెయ్యాలె పల్లవీ? నేను లేవకుంటే ఈయన లేస్తడా?” అంటూ పోసవ్వ మళ్లీ కల్వం ముందు కూర్చుంది.

నెల తర్వాత దవాఖానలో ముందుగా మాట్లాడింది ఆమే.

“సారూ, ఈయన ఇప్పుడు మంచిగ తింటుండు. నా మీద జోకులు గూడ ఏస్తుండు. ఇంకో నెల తాగిస్త.”

డాక్టర్ గోళీల చీటీ రాసి ఆమెకు ఇచ్చాడు.

“గొప్ప పని చేశారమ్మా.”

పోసవ్వ సిగ్గుపడి, గోళీలు తీసుకోవడానికి బయటి కిటికీ వైపు మెల్లగా నడిచింది. ఆమె దూరం వెళ్లేదాకా ఆగి, దేవిదాస్ గొంతు తగ్గించాడు.

“నా దిగులు ఇగ ఎప్పుడు తగ్గాలె, సారూ?”

“గ్లాసు ఒలకకుండా మీ చేతికి వచ్చిన రోజు.”

పక్షవాతం వచ్చింది పోసవ్వకు.