అత్తగారు కలిపిన మట్టి

నమ్మితే నమ్మండి, ఆఫ్రికా అడవిలో ఒక జాతి పిట్టల ముక్కు ఎంత పొడవంటే, పొద్దున తుమ్మితే ఆ చప్పుడు కొసకు చేరేసరికి మధ్యాహ్నం అవుతుంది. ఆ జాతిలో పెళ్ళయిన ఆడపిట్టను చెట్టుతొర్రలో పెట్టి, మగవాళ్ళు మట్టితో మూసేస్తారు. ముక్కు పట్టేంత సందు వదులుతారు. మొగుడే తిండి తెచ్చి అందించాలి. మట్టి కలపడం మాత్రం అత్తగారి పని.

కొత్త కోడలు మకేనానూ అలాగే మూశారు. పిల్లలు పుట్టాక ఒకరోజు ఆమె మొగుడు గితాహి, పండ్లు తెస్తానని వెళ్ళి, మగపిట్టల పంచాయితీలో కూర్చుండిపోయాడు. ఎండకు తొర్ర కుంపటైంది. పిల్లలకు నోరు తెరిచే ఓపిక కూడా పోయింది.

"అత్తా! పిల్లలు చచ్చిపోతున్నారు, గోడ పగలగొట్టు!" ఆ అరుపుకు కొండల అవతల పడుకున్న ఏనుగులన్నీ లేచి నిలబడ్డాయి.

అత్త వచ్చి వాలింది. "మా ఇంటి కోడళ్ళెవరూ మొగుడు రాకుండా గోడ దాటలేదమ్మా," అంది, చెట్లన్నీ వినేట్టు.

"మరి మామ రాని రోజు నువ్వేం చేశావత్తా?"

అత్త అటూ ఇటూ చూసి, సందులో ముక్కు పెట్టి గుసగుసలాడింది. "ఎడమ పక్క అడుగున పొడిచి చూడు. అక్కడున్నది మట్టి కాదే, ఉత్త ఇసుక. మా అత్త నాకూ అలాగే కలిపింది."

మకేనా పొడిచింది. ఇసుక జలజలా రాలింది. ఎగిరి వెళ్ళి పండ్లు తెచ్చి, పిల్లల కడుపులు నింపి, లోపల కూర్చుని కన్నం పూడ్చుకుంది.

పొద్దుగూకాక గితాహి వచ్చి గోడ తట్టాడు. "చూశావటే, నా గోడ!"

"కొండంత గట్టిదేనయ్యా," అంది మకేనా.

అతను అటు తిరగగానే సందులోంచి అత్తను పిలిచింది. "మరిది పెళ్ళికి మట్టి నేను కలుపుతానత్తా. అంతా ఇసుకే."