అంచులు కోసిన చీటీలు

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి. ఒక మంత్రసాని కోపం గురించి చెబుతాను.

బైండింగు షాపు బల్ల మీద ఆమె అరచేయి దబ్బున పడింది. జిగురు డబ్బా ఎగిరి కూర్చుంది.

"ఏం చేశావురా నా చీటీలను?"

"నీటుగా చేశానమ్మా. ఒకటి పొట్టి, ఒకటి పొడుగు. అంచులన్నీ ఎలుకలు కొరికినట్టు గాట్లు. సైజుల వారీగా పేర్చి, మిషన్లో పెట్టి సమంగా కోశాను," అన్నాడు బైండరు.

నూట ముప్పై చీటీలు. నలభై ఏళ్ల పురుళ్లు. ఏ ఇంటి పురుడు ఆ ఇంటివాళ్ల చేతిరాతలోనే, సాక్ష్యంగా. నెలలు నిండకముందు సంగతులకు అంచున ఆమె పెట్టుకున్న గాటు ఒకటి, నొప్పులకు రెండు, బిడ్డ భూమ్మీద పడ్డాక మూడు. ఆ వరస కుదరడానికే ఏడాది పట్టింది.

ఆ చీటీల కట్టే ఆమె పరిశోధన వ్యాసం. సాయంత్రం ఐదింటికల్లా అది నర్సుల కాలేజీలో అందాలి. అందకపోతే రేపటి సదస్సులో ఆమె మాట్లాడే వంతు పెద్ద డాక్టరుకు పోతుంది. మంత్రసానులవి మొరటు చేతులని పత్రికలో రాసినాయనకు.

"కుట్టమన్నాను. కొయ్యమన్నానా? చెవులు పెద్దవిగా ఉన్నాయని పుట్టిన బిడ్డకు కోసేస్తావా నువ్వు?"

"ఒక్క అక్షరం పోలేదు కదమ్మా. చదువుకుంటూ మళ్లీ పేర్చుకుంటే సరి. గంట పని."

ఆమె ముఖం కందగడ్డ అయింది. స్టూలు బర్రున లాగి అతని ముందు పడేసింది.

"కూర్చో. చదువు."

"నేనా?"

"కోసిన చేతులు నావా? పైకి చదువు. పక్క కొట్టువాడికీ వినపడాలి, నీ నిర్వాకం."

నలుగురిలో పరువు తీయడానికే అనుకున్నాడు బైండరు. తల వంచుకుని ఒక్కో చీటీ చదివాడు. రెండు ముక్కలు విన్నదో లేదో, "ఎడం పక్కకు", "దాని కింద", "అది చివరికి" అని ఆమె వేలు చూపించేది. బిడ్డ అడ్డం తిరిగిన చీటీ దగ్గర చదవడం ఆపి ఆమె వైపు తలెత్తి చూశాడు.

"ఆగకు. తల్లి బతికింది. చదువు."

నాలుగున్నరకు కట్ట కుట్టి ఇచ్చాడు. ఐదింటికి పది నిమిషాలుందనగా కాలేజీ గుమస్తా దాని మీద ముద్ర కొట్టాడు.

గుర్తుపెట్టుకుని ఇంకొకరికి చెప్పండి, కానీ ఆ మంత్రసానికి ఒక్క అక్షరం కూడా చదవడం రాదన్న సంగతి మాత్రం నాలాగే చివరిదాకా దాచండి.