ఏడాది గడువు

జూన్ తొమ్మిది నాకు బాగా గుర్తు. జొన్నరొట్టె, పుండికూర, అదే గోంగూర, తిన్నాం. నా కూతురు స్ఫూర్తి వాళ్లమ్మ పోయాక రొట్టెలు నేనే కొడుతున్నాను. ఉద్యోగం పోయాక స్ఫూర్తి మొదటిసారి రెండో రొట్టె అడిగింది ఆ రోజే.

తినగానే కంప్యూటర్ ముందు కూర్చుంది. కన్నడ అక్షరాల కోసం ఆమె రాసిన సాఫ్ట్‌వేర్ లైబ్రరీని ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. ఆమెను తీసేసిన కంపెనీ కూడా దాన్నే వాడుకుంటోంది.

"నాయినా, దాంట్ల పాత ఫాంట్లు చదివే భాగం తీసేస్తున్న. రేపు వాళ్ల బిల్లుల నిండ అక్షరాల బదులు చుక్కలే వస్తయి. పరేషాన్ కానీ!"

"అది ఎట్లయినా తీసేదేనా?"

"పాతబడ్డది. ఎప్పుడో తీయాల్సింది."

"కల్మల ఊరి శరణమ్మ జెరాక్స్ అంగట్ల గూడ పాత ఫాంట్లే గద. ఆమెకు చెప్పినవా?"

"ఎవరికీ చెప్పలే. చెప్తే కంపెనోళ్లు సర్దుకుంటరు."

"నీకు గూడ ఎవరూ చెప్పలే బిడ్డా. గేటు కాడ కార్డు పనిచేయకుంటేనే ఉద్యోగం పోయిందని తెలిసింది."

స్ఫూర్తి వేలు మీట మీదే ఆగింది. తీయడం మానేసి, ఆ భాగం వాడినప్పుడల్లా తెరమీద కనబడేలా ఒక హెచ్చరిక రాసింది: "ఏడాది తర్వాత ఇది ఉండదు. ఇప్పటినుంచే మార్చుకోండి. ఇట్లు, స్ఫూర్తి."

"మాఫ్ చేసినవా?"

"ఎందుకు చేస్త? వాళ్లు నాకు ఒక్క దినం గూడ ఇయ్యలే. నేను ఏడాది ఇస్తున్న. దినాం నా పేరు చూసి సిగ్గుతోని సావనీ."

నాకు నవ్వొచ్చింది. ఆమె కంప్యూటర్ ఆపి, రోజూ ధడేలున వేసే వాకిలి తలుపును ఆ రోజు చప్పుడు కాకుండా వేసింది.